నిలబెడితే వేడెక్కే కంప్యూటర్

వికారాబాద్ కొత్త జిల్లాగా ఏర్పడిన మరుసటి ఏడు, రోహిణి కార్తె ఎండల్లో, నన్ను తాండూరులోని ఒక రైతుల సహకార సంఘం కార్యాలయానికి పంపారు. అప్పటికి నేను వికారాబాద్ సర్వీస్ సెంటర్‌లో సీనియర్ ఫీల్డ్ ఇంజినీర్‌ని. హోదా పేరు వినడానికి గొప్పగానే ఉంటుంది. పని మాత్రం భుజాన సంచీ తగిలించుకుని, రైలో బస్సో పట్టుకుని, ఆగిపోయిన కంప్యూటర్ ఉన్న చోటికి వెళ్లి రావడమే. మా కంపెనీ కంప్యూటర్లు తయారు చేసేదీ కాదు, అమ్మేదీ కాదు. ఆఫీసులతో ఏడాదికోసారి ఒప్పందం రాసుకుని, వాళ్ల మెషీన్లు నడిచేలా చూసేది. పరిగి, దోమ, నవాబుపేట, తాండూరు, ఇలా చుట్టుపక్కల ఊళ్లన్నీ మా సెంటర్ కిందికే వచ్చేవి.

మా వృత్తిలో ఇంజినీర్లు రెండు రకాలు. సెంటర్‌కు తెచ్చిన మెషీన్లను బల్ల ముందు కూర్చుని బాగుచేసేవాళ్లు బెంచ్ ఇంజినీర్లు. ఊళ్లు తిరిగేవాళ్లు ఫీల్డ్ ఇంజినీర్లు. వాళ్లకు ఏసీ, మాకు ఎండ. అందుకని ఒకరి మీద ఒకరం ఎప్పుడూ చతుర్లు ఆడుకుంటూ ఉండేవాళ్లం. ఆడమనిషివి, బెంచ్ మీద నీడపట్టున కూర్చోరాదా అని నాకు సలహా ఇవ్వని మేనేజర్ లేడు. కూర్చుంటే నిద్రొస్తుందని చెప్పి తప్పించుకునేదాన్ని. నిజానికి మెషీన్‌ను చూడటం కన్నా, అది ఎక్కడ, ఎవరి చేతుల్లో, ఎలా బతుకుతోందో చూడటమే నాకు ఇష్టం. ఆ ఇష్టం ఉన్న మనిషికి ఇంతకన్నా మంచి ఉద్యోగం దొరకదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

ఫిర్యాదును మేం కాల్ అంటాం. తాండూరు కాల్ అప్పటికే పాతబడింది. మధ్యాహ్నం పూట కంప్యూటర్ దానంతట అదే ఆగిపోతోందని వాళ్లు రెండుసార్లు మెషీన్‌ను సెంటర్‌కు పంపారు. రెండుసార్లూ మా బెంచ్ ఇంజినీర్ రఫీ దాన్ని రోజంతా నడిపించి చూశాడు. రఫీ పైపైన పని చేసే రకం కాదు. ఒక స్క్రూ తక్కువైతే ఇంటికి వెళ్లి అన్నం కూడా తినడు. అలాంటివాడు కూడా ఏమీ దొరక్క, రెండుసార్లూ ‘నో ఫాల్ట్ ఫౌండ్’ అని రాసి తిప్పి పంపాడు. ఏ దోషమూ కనబడలేదు అని దాని అర్థం. మూడోసారి ఆ సంఘం కార్యదర్శి మా మేనేజర్‌కు ఫోన్ చేసి, ఈసారి మనిషినే పంపమన్నారు. మెషీన్‌లో ఏ లోపమూ లేదని ఆ మనిషి అక్కడే చూసి, ఖచ్చితంగా రాసి ఇవ్వాలని కూడా అన్నారు. లోపం ఉందని రాయమనేవాళ్లను చాలామందిని చూశాను కానీ, లేదని రాయమని పట్టుబట్టేవాళ్లను చూడటం అదే మొదలు. నాకు కొంచెం వింతగానే తోచింది.

తాండూరు స్టేషన్ బయటికి రాగానే ఆ ఊరి తెల్లదుమ్ము పలకరిస్తుంది. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల నుంచి లేచి, చెట్ల ఆకుల మీద, దుకాణాల షట్టర్ల మీద, ఆటోల టాపుల మీద పల్చగా పరుచుకుని ఉంటుంది. సంఘం ఆఫీసులోనూ అంతా రాయే. నేల రాయి, అరుగు రాయి, కంప్యూటర్ పెట్టిన బల్ల కూడా రెండు గోడల మధ్య అమర్చిన బండే. వానలు దగ్గరపడుతున్న రోజులు కావడంతో కంది, పెసర విత్తనాల కోసం రైతులు పాసుపుస్తకాలు పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నారు. పాసుపుస్తకం నంబరు కొడితే కంప్యూటర్ చీటీ ఇస్తుంది. ఆ చీటీ చూపిస్తే గోదాములో విత్తనాల సంచి ఇస్తారు. కంప్యూటర్ ఆగితే వరుసంతా ఆగుతుంది.

నేను సంచీ దించుతుంటే వరుసలో ఒక పెద్దాయన, “ఇంజినీర్ సారు రాలేదా అమ్మా?” అని అడిగాడు. నేనే ఇంజినీర్‌నని చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, “అయితే జర జల్దీ చెయ్యి బిడ్డా, ఇంటికాడ బర్రె ఈనేటట్టున్నది” అన్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో నా అర్హతను అంత త్వరగా ఒప్పుకున్నవాళ్లు తక్కువ.

కార్యదర్శి పేరు బస్వరాజు గారు. యాభై దాటిన పొడవాటి మనిషి, ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, నుదుట మూడు విభూతి పట్టెలు. అంత ఉక్కలోనూ ఆ పట్టెలు చెదిరేవి కావు. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన రైతులతో కన్నడంలో, మిగతావాళ్లతో తెలుగులో మాట్లాడుతున్నారు. నిక్కచ్చి మనిషని ఆయన బల్ల చూస్తేనే తెలుస్తుంది. ముందు నాకు కుండలోని చల్లటి నీళ్లు తెప్పించి, తాగేదాకా ఆగి, ఆ తర్వాత పక్కగదిలోకి పిలిచి సంగతి చెప్పారు.

“పొద్దుగాల నేను కూసుంటె గంట నడిచింది మేడం, ఒక్కపారి గూడ ఆగలే. గా పిల్ల కూసుంటెనే ఆగుతది. మీవోళ్లు రెండుసార్లు చూసి మిషిన్ మంచిగున్నదన్నరు. ఇగ తప్పు ఎవలదో మీరే చెప్పున్రి.”

ఆ పిల్ల అంటే ఆపరేటర్ ఎస్తేరు. కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా జూన్‌లో సంఘం కమిటీ కూర్చుని కొనసాగించాలో వద్దో తేలుస్తుంది. ఆ సమావేశం మరుసటి వారమే ఉంది. పని ఎక్కువైనప్పుడు విసుగొచ్చి ఆ అమ్మాయే ఎక్కడో నొక్కి మెషీన్ ఆపేస్తోందని కార్యదర్శి గారు నమ్ముతున్నారు. ఊరికే నిందవేసే మనిషి కాదు కాబట్టి రుజువు కావాలనుకున్నారు. మా సెంటర్ ఇచ్చిన రెండు కాగితాలు అప్పటికే ఉన్నాయి. నేను ఇచ్చేది మూడోది అవుతుంది.

ఎస్తేరుది నవాబుపేట వైపు ఒక పల్లె. తల్లిదండ్రులు కూలికి పోయేవాళ్లు, భర్త ఆటో నడుపుతాడు, ఇద్దరు ఆడపిల్లలు. వికారాబాద్‌లో డిగ్రీ చదివి, ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే పని సంపాదించిన మొదటి మనిషి. రోజూ బస్సులో వికారాబాద్ వచ్చి, అక్కడ రైలెక్కి తాండూరు చేరుతుంది. నేను వెళ్లేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ వేళ్లు మాత్రం ఆగకుండా నంబర్లు కొడుతూనే ఉన్నాయి.

“నేనేం చేస్తలేను మేడం. పొద్దుగాల మంచిగనే ఉంటది. పగటాల్ల బువ్వ తిన్నంక దానంతట అదే బందైతది. కొలువు పోతె పోనీ, మిషిన్ ఖరాబ్ చేసి పోయిందన్న పేరు వస్తె ఇంకో ఆఫీసుల ఎవలు రానిస్తరు?” అంది. నా ముఖంలోకి చూడకుండా తెరవైపే చూస్తూ చెప్పింది.

నేను ఆమెకు మాట ఏమీ ఇవ్వలేదు. మెషీన్‌ను చూడకముందు ఎవరి పక్షమూ తీసుకోకూడదు. కానీ ఆ అమ్మాయి మీద నాకు అప్పుడే నమ్మకం కలిగిందని దాచుకోవడం ఎందుకు?

హఠాత్తుగా ఆగిపోయే కంప్యూటర్‌కు మేం మొదట చూసేది కరెంటు. గోడ సాకెట్, యూపీఎస్, వైర్లు, వోల్టేజి అన్నీ చూశాను. దిట్టంగా ఉన్నాయి. తర్వాత చూసేది వేడి. కంప్యూటర్‌లో లెక్కలన్నీ చేసేది ప్రాసెసర్ అనే చిన్న బిళ్ల. అగ్గిపెట్టె కన్నా చిన్నది. పని ఎక్కువైనకొద్దీ కాగుతుంది. ఆ వేడిని లాగేయడానికి దాని నెత్తిన హీట్ సింక్ అనే లోహపు దిమ్మ ఉంటుంది, దాని మీద ఫ్యాన్ తిరుగుతుంది. వేడి బయటికి పోకపోతే ప్రాసెసర్ మొదట తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పటికీ తట్టుకోలేకపోతే కాలిపోకుండా మెషీన్‌ను ఆపేస్తుంది. అది దాని రోగం కాదు, ప్రాణరక్షణ. చలికాలంలో కూడా మెషీన్ మెల్లగా నడిచేదా అని ఎస్తేరును అడిగితే, అవునంది. పాతదైపోయింది కదా అని ఎవరూ పట్టించుకోలేదట.

పక్క రేకు విప్పగానే లోపలంతా తాండూరే. ఫ్యాన్ రెక్కల మీద, హీట్ సింక్ పలకల సందుల్లో తెల్లటి రాతిపొడి. బయటికి మోసుకెళ్లి బ్లోయర్‌తో కొట్టాను. లేచిన దుమ్ముకు, మెషీన్ మోయడానికి వచ్చిన అటెండర్ నర్సింలు ఆపకుండా తుమ్మాడు. అరుగు మీద కూర్చున్న రైతులు తువ్వాళ్లు ముఖాలకు అడ్డం పెట్టుకుని, ఇంత మట్టి పొలంలో కూడా లేదని నవ్వారు. తిరిగి బిగించి పెడితే మెషీన్ చక్కగా నడిచింది. ఎస్తేరు చీటీల మీద చీటీలు తీసింది. దొరికిందిలే అనుకున్నాను. కార్యదర్శి గారు కూడా సంతోషించారు.

“ఇగ మట్టి గూడ పాయె. గిప్పుడు ఆగితె మాత్రం మిషిన్‌ది కాదు గద మేడం? గదే రాసియ్యున్రి” అన్నారు.

ఆయన మాటలో తప్పేమీ లేదు. అందుకే నాకు భయం వేసింది. దుమ్మే కారణమైతే సరే. కాకపోతే, నేను రైలెక్కాక మెషీన్ మళ్లీ ఆగుతుంది. అప్పుడు అందరి వేళ్లూ ఆ అమ్మాయి వైపే చూపుతాయి, నా సంతకం సాక్ష్యంగా ఉంటుంది. భోజనాల తర్వాత ఒకసారి చూసి రాస్తానని చెప్పాను. ఆయన గడియారం వైపు చూశారు కానీ కాదనలేదు. పైగా తన ఇంటి నుంచి వచ్చిన క్యారియర్ తెరిచి జొన్నరొట్టెలు, పుంటికూర నాకు సగం పెట్టారు. ఎస్తేరు విడిగా బెంచీ చివర డబ్బా తెరుచుకుంటుంటే ఇటు రమ్మని పిలిచాను. వచ్చి కూర్చుంది. ఆయన ఆమెకూ ఒక రొట్టె వేశారు. నింద వేసిన మనిషి, నింద పడిన మనిషి, తేల్చాల్సిన మనిషి ఒకే పుంటికూర తిన్నాం.

ఎండ ముదిరింది. వరుస మళ్లీ పెరిగింది. నేను ఎస్తేరు పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. ఒక రైతు నంబరు సగం కొట్టిందో లేదో తెర నల్లబడింది, ఫ్యాన్ చప్పుడు ఆగిపోయింది. ఆ క్షణాన నేను మెషీన్ వైపు చూడలేదు, ఆమె వైపే చూశాను. రెండు చేతులూ కీబోర్డు మీదే ఉన్నాయి. కాళ్లు కుర్చీ కింద మడిచి ఉన్నాయి. కార్యదర్శి గారు గుమ్మంలోకి వచ్చి, “చూసిన్రా మేడం?” అన్నారు. చూశాను, ఆమె ఏమీ నొక్కలేదు అన్నాను. వరుసలో ముందున్న రైతు కూడా, “లేదు సారూ, బిడ్డ ఏం చెయ్యలే” అన్నాడు. కార్యదర్శి గారు కుర్చీ తెచ్చుకుని అక్కడే కూర్చున్నారు.

మెషీన్‌ను మళ్లీ విప్పడానికి బండ మీద పక్కకు పడుకోబెట్టాను. మేమందరం అలాగే విప్పుతాం. రేకు పైకి వస్తే లోపలి భాగాలు చేతికి అందుతాయి. ఈసారి విప్పిన రేకు పక్కన పెట్టి, పడుకోబెట్టినట్టే స్విచ్ వేశాను. మెషీన్ లేవగానే బయోస్ అనే తెరలోకి వెళితే, లోపలి వేడి ఎంతో అంకెల్లో కనబడుతుంది. వేడి దిగుతోంది. ఆగినప్పుడు కాగిన మెషీన్ కాబట్టి దిగడంలో వింత లేదు. అయితే దిగి, అక్కడే నిలకడగా ఉండిపోయింది. ఎంతసేపు చూసినా కదల్లేదు. మెషీన్‌ను అలా పడుకోబెట్టి ఉంచే, దానిచేత చీటీల పని కూడా చేయించి చూశాను. బయట ఎండ అదే, గదిలో ఉక్క అదే, చీటీల పని అదే. మెషీన్ మాత్రం చల్లగా ఉంది.

అప్పుడు నాకు రఫీ బల్ల కళ్లముందు మెదిలింది. వాడు కూడా మెషీన్లను పడుకోబెట్టే చూస్తాడు. ప్రపంచంలో ఏ బెంచ్ మీదైనా అంతే. పడుకోబెట్టి విప్పుతాం, పడుకోబెట్టి నడుపుతాం, బాగుందని మూసి పంపుతాం. ఆఫీసుల్లో మాత్రం అది నిలబడి పని చేస్తుంది.

మెషీన్‌ను నిలబెట్టాను. అంకెలు ఎక్కడం మొదలుపెట్టాయి. చూస్తుండగానే తొంభై దాటాయి, నీళ్లు మరగడానికి ఇంకెంతో దూరం లేదు. పడుకోబెట్టాను, దిగాయి. మళ్లీ నిలబెట్టాను, ఎక్కాయి. వరుసలో రైతులు పాసుపుస్తకాల సంగతి మరిచి చుట్టూ మూగారు. “ఎత్తుకుంటె ఏడుస్తది, పండవెడితె ఊకుంటది. ఇదెక్కడి పిల్లనే?” అంది ఒక పెద్దమ్మ. అందరం నవ్వాం. ఎస్తేరు నవ్వడం కూడా అప్పుడే చూశాను.

నిలబెడితే వేడెక్కుతోందంటే, హీట్ సింక్ ప్రాసెసర్‌కు సరిగా ఆనడం లేదన్నమాట. ఆ దిమ్మకు నాలుగు ప్లాస్టిక్ కాళ్లు ఉంటాయి. ఒక్కొక్కటీ బోర్డులోని రంధ్రంలోకి నొక్కితే టక్కుమని పడాలి. ఇక్కడ పైనున్న రెండు కాళ్లు రంధ్రాల్లో ఊరికే నిలబడి ఉన్నాయి, పడలేదు. పడుకోబెట్టినప్పుడు దిమ్మ తన బరువుతో ప్రాసెసర్ మీద కూర్చుంటుంది. నిలబెడితే తల ముందుకు వాలుతుంది, మధ్యలో వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది. ఆ సందు చాలు.

కాళ్లు విడిపించి దిమ్మను పైకి ఎత్తాను. ప్రాసెసర్‌కూ దిమ్మకూ మధ్య బూడిద రంగు జిగురు ఉండాలి. థర్మల్ పేస్ట్ అంటాం. రెండు లోహాల మధ్య కంటికి కనబడని గుంటల్ని పూడ్చి వేడిని దాటించేది అదే. ఆ జిగురు లేదు. ప్రాసెసర్ వెండి పళ్లెంలా మెరుస్తోంది. దాని మీద అడ్డంగా, ఎంతో పొందికగా, మూడు విభూతి పట్టెలు ఉన్నాయి. దిమ్మను తిప్పి చూస్తే అడుగున అవే మూడు గీతల అచ్చు.

అందరూ ముందు ఆ పట్టెలను చూశారు, తర్వాత కార్యదర్శి గారి నుదుటిని చూశారు. చూడకూడదని అనుకుంటూనే నేనూ చూశాను. ఆ ఆఫీసులో అలా పెట్టుకునేది ఆయనొక్కరే.

బస్వరాజు గారు లేచి వచ్చి, కళ్లద్దాలు సవరించుకుని, మెషీన్ మీదికి వంగారు. చాలాసేపు చూశారు. ఆయన చెయ్యి తెలియకుండానే నుదుటి దాకా వెళ్లి ఆగింది.

“ఇవి నేను పెట్టినయే” అన్నారు.

దసరాకు ఆయుధ పూజ. తాండూరులో రాయి కోసే మిషన్ నుంచి త్రాసు దాకా ఆ రోజు పూజ లేని పనిముట్టు ఉండదు. కంప్యూటర్ కూడా పనిముట్టే కదా అని ఆయన దానికీ పూజ తలపెట్టారు. పైన డబ్బాకు బొట్టు పెడితే ఏం లాభం, లోపల అసలు పని చేసేదానికి పెట్టాలనుకున్నారు. నర్సింలు అంతకుముందు మా కుర్రాళ్లు విప్పుతుంటే చూసి ఉన్నాడు. గుండెకాయ ఏదని సారు అడిగితే, ఫ్యాన్ కింద ఉంటుందని విప్పి చూపించాడు. దాని మీద అంటుకున్న బూడిద రంగు జిగురును ఇద్దరూ ఏళ్ల నాటి మురికి అనుకున్నారు. స్పిరిట్ తెప్పించి, దూదితో మెరిసేదాకా తుడిచారు. మా బెంచ్ మీద కూడా అంత శుభ్రంగా తుడవరు. తర్వాత విభూతి తడిపి, చిటికెన వేలితో మూడు పట్టెలు పెట్టి, హారతిచ్చి, దిమ్మను మళ్లీ బిగించారు. కాళ్లు టక్కుమనాలని వాళ్లకు తెలియదు. ఎస్తేరు పండుగకు సెలవులో ఉంది. చలికాలమంతా మెషీన్ ఎలాగో ఈడ్చుకొచ్చింది. ఎండలు రాగానే చేతులెత్తేసింది.

బూడిదకు ఇంత పని ఉంటుందా అని ఆయన అడిగారు. పొయ్యిలో నిప్పు తెల్లారేదాకా ఆరకుండా బూడిద కప్పుతాం కదా, అదే జరిగింది అన్నాను. పెద్దమ్మ తల ఊపింది. అందరికీ అర్థమైంది.

ఆయన కావాలనుకుంటే ఆ మాట పక్కగదిలో మాట్లాడి ఉండవచ్చు. లేదా నర్సింలు మీదికి తోసి ఉండవచ్చు. నర్సింలు ఆ భయంతోనే గోడకు అతుక్కుపోయి నిలబడ్డాడు. బస్వరాజు గారు వరుస ముందే, అందరూ వింటుండగా ఎస్తేరు వైపు తిరిగారు.

“తప్పు నాది బిడ్డా. తెల్వక నిన్ను అన్న. మనసుల పెట్టుకోకు. నర్సింలు, నువ్వు ఫికర్ చెయ్యకు, నేను చెప్పంగనే విప్పినవ్” అన్నారు.

ఎస్తేరు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “భక్తితోని పెట్టిందే గద సార్, నాకు కోపమేముంటది” అంది. తర్వాత కాస్త గొంతు సర్దుకుని, “గని ఇంకోపారి మిషిన్ ఆగితె ముందుగాల మిషిన్‌నే అడుగున్రి సార్, నన్ను తర్వాత అడుగుదురు గని” అంది. వరుసంతా గొల్లుమంది. ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వులో కాస్త సిగ్గు ఉంది.

తుడవబోతుంటే ఆయన ఒక కోరిక కోరారు. విభూతిని పాతగుడ్డతో తుడిచి చెత్తలో వెయ్యవద్దన్నారు. కొత్త దూది తీసి, నెమ్మదిగా తుడిచి, ఆ దూది ఆయన చేతికే ఇచ్చాను. కాగితంలో మడిచి, వెనక పెరట్లో వేపచెట్టు మొదట్లో పెట్టి వచ్చారు. నేను బియ్యపు గింజంత పేస్ట్ ప్రాసెసర్ మధ్యలో వేసి, దిమ్మను నిలువుగా దించి, ఎదురెదురు కాళ్లు ఒకదాని తర్వాత ఒకటి నొక్కాను. నాలుగు టక్కులూ అందరికీ వినిపించాయి. మెషీన్‌ను నిలబెట్టాం. అంకెలు కొంచెం ఎక్కి, నిలిచిపోయాయి. సాయంత్రం ఆఫీసు మూసేదాకా ఎస్తేరు చీటీలు తీస్తూనే ఉంది. బర్రె ఈనబోతున్న పెద్దాయన చీటీ పట్టుకుని పోతూ, ఇంజినీరమ్మ మస్తు చేసిందని నలుగురికీ చెప్పాడు. నా సర్వీసులో నాకు వచ్చిన ప్రశంసాపత్రాల్లో దాన్నే పైన పెట్టుకుంటాను.

తిరుగు రైలులో ఎస్తేరు, నేను ఎదురెదురుగా కూర్చున్నాం. ధారూర్ దాటుతుంటే కిటికీలోంచి చూసి, పోయినసారి ఇక్కడి క్రైస్తవ జాతరలో ఈ కొలువు నిలబడాలని ప్రార్థన చేసుకున్నానని చెప్పింది. తర్వాత, “మేడం, మీరు బువ్వ తినకముందే పోయి ఉంటె ఏం రాసేటోళ్లు?” అని అడిగింది.

దుమ్ము శుభ్రం చేశాం, మెషీన్‌లో వేరే దోషం లేదు అని రాసేదాన్నని చెప్పాను. అబద్ధం చెప్పాలనిపించలేదు. ఆమె తల ఊపి మళ్లీ కిటికీ వైపు చూసింది. వికారాబాద్ వచ్చేదాకా ఇద్దరం ఆ మాటే ఆలోచిస్తూ ఉన్నామని అనుకుంటాను.

కమిటీ సమావేశంలో ఈ కథంతా బస్వరాజు గారే చెప్పారట. ఎస్తేరు కొనసాగింది, ఆ తర్వాతి ఏళ్లలోనూ కొనసాగింది. నేను రిటైరయ్యే నాటికి ఆ కుర్చీలోనే ఉంది. మరుసటి దసరాకు ఆయన దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. “మేడం, గీసారి విభూతి యాడ పెట్టాలె?” అని అడిగారు. డబ్బా పైన, గాలి రంధ్రాలు లేని చోట, ఎంత కావాలంటే అంత పెట్టమన్నాను. రఫీకి జరిగింది చెబితే ఆ రోజంతా ముఖం మాడ్చుకున్నాడు. మర్నాడు వాడే తన బల్ల పక్కన ఒక మూల ఖాళీ చేశాడు. అప్పటి నుంచి మా సెంటర్‌లో ప్రతి మెషీన్‌నూ మూసే ముందు అక్కడ నిలబెట్టి, ఏసీ ఆపి, పని చేయించి చూడటం అలవాటైంది.

ఆ రోజుకు సంబంధించి నేను కృతజ్ఞత చెప్పాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు. తొందర ఉన్నా, గడియారం చూస్తూనే నాకు మధ్యాహ్నం దాకా సమయమిచ్చి రొట్టె పెట్టిన కార్యదర్శి. పదిమంది ముందు తన తప్పు తన నోటితో ఒప్పుకున్నదీ ఆయనే. ఆ తర్వాత నేను చూసిన అధికారుల్లో అలాంటివారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఏడుస్తూ కూడా పని ఆపని ఎస్తేరు. చూసింది చూసినట్టు చెప్పిన వరుసలోని రైతు. వాళ్లలో ఏ ఒక్కరు వేరేలా ఉన్నా ఆ మెషీన్ సంగతి నాకు దొరికేది కాదు.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలు నేర్చుకోవాల్సింది ఏమిటని అడిగితే ఇప్పటికీ ఇదే చెబుతాను. కంప్యూటర్‌ను అది పని చేసే చోట, పని చేసే వేళ, పని చేసే తీరులో చూడండి. ‘నో ఫాల్ట్ ఫౌండ్’ అని రాసే ముందు చెయ్యి ఆపండి. మెషీన్‌లో దోషం లేదని మనం రాసినప్పుడల్లా, ఆ దోషం దాని ముందు కూర్చున్న మనిషి మీదికి పోతుంది.